కనపడి రావడం

గుడివాడ, 9-1-78

అబ్బాకు హనీఫ్ సలాములు. రెసిడెంటు డాక్టరు ఉద్యోగం వచ్చింది, కంగారు పడకండి. కానీ ఆ మాట సంతోషంగా రాయలేకపోతున్నాను. ఇంటర్వ్యూ అయ్యాక ఒకసారి కనపడి రావాలని ఇమామ్ సాహెబ్ మావయ్య చెప్పారు కదా, మీరు అద్దిన కలంకారీ దుప్పటి పట్టుకుని నిన్న పెద్ద డాక్టరు గారింటికి వెళ్ళాను. ఆయన దుప్పటి వంకే చూసి, "నీ పేరు శుక్రవారమే రాసేశానయ్యా. ఇప్పుడిది దేనికి?" అన్నారు. నేను దుప్పటి వెనక్కి తీసుకోబోయాను. "వార్డులో దివిసీమ ముసలమ్మ చలికి వణుకుతోంది, తీసుకెళ్ళి కప్పు" అన్నారు. వెళ్ళి కప్పాను. ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న మనిషి. దుప్పటి తడిమి, "ఎవరిచ్చారు బాబూ?" అంది. నిజం చెప్పలేక, "మా నాన్న మీకోసం పంపాడమ్మా" అన్నాను.

అమ్మీ కంట్లో చుక్కలు వేసుకుంటోందా? నా తెల్లకోటు తమ్ముడు యాకూబ్ చేత పంపండి. ఇంకేమీ పంపకండి.

"మీ నాన్న చెయ్యి చల్లగుండాలి బాబూ" అంది ఆవిడ. ఆ దీవెన మీకు ఈ కార్డులో పంపేస్తున్నాను. నా దగ్గర ఉంచుకోలేను.

హనీఫ్