తెల్లంచు సీతాకోకచిలుక బాకీ

తేదీ: 10-09-2025, బుధవారం. సలాలా, ఒమన్.

ఈ రోజు పనులు: రెండు గదుల గోడల మీద బూజు తుడవడం. బట్టలు ఒక విడత, ఆరలేదు. పప్పు, అన్నం, ఒక మనిషికి. మా ఆయన పాత డ్యూటీ బూట్లకు కొబ్బరినూనె. మిగిలింది: ఈ కాగితం.

కడప వాస్తవ్యురాలిని, సమీయుల్లా గారి భార్యను, యాభై రెండేళ్ల రషీదున్నీసాను. ఈ నెల 14న గుండె ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళుతున్నాను కనుక, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి స్థిమితంగా ఉన్నదనడానికి పై పట్టీయే రుజువు.

1. మాకు పిల్లలు లేరు. నా అమ్మానాన్నలూ లేరు. నా బంగారం, బ్యాంకులో ఉన్నది షరీఅతు ప్రకారం సగం మా ఆయనకు, సగం మా అన్న ఖాదర్‌కు పోతాయి. అందులో నేను వేలు పెట్టను. ఈ కాగితం ఎవరూ వాటా అడగని వస్తువుల గురించి.

2. తొమ్మిది నోటుబుక్కులు నాదియాకు. కొండ కింది ఊళ్లో బడిపంతులమ్మ. ఇక్కడ ఖరీఫ్ అంటే పంట కాదు, మూడు నెలల మంచు. ఆ మంచు తడిపే అడవిలోనే బతికే గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటుంది. రెక్కలకు చీర అంచులా తెల్లగీత. పుస్తకంలో పేరు నాదియా చెప్పింది, నాకు నోరు తిరగలేదు. నేను తెల్లంచు అంటాను. ప్రతి ఖరీఫ్‌లో ఎనిమిది శుక్రవారాలు ఒకే లోయలో నిలబడి లెక్కపెట్టాను. 2016లో పద్నాలుగు. ఈ ఏడు రెండు. 2020లో ఇల్లు కదలలేదు, ఆ ఏటికి పుస్తకం లేదు. సున్న వేసుకోవద్దు. చూడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

3. నల్ల గొడుగు, ఫ్లాస్కు టాక్సీ మజహర్‌కు. "ఖాలా, ఈ మంచులో నాకు రోడ్డే కనపడదు, మీకు రెక్కలు కనపడతాయా?" అని ఏటా అదే హాస్యం. అయినా ఏ శుక్రవారమూ రాకుండా ఉండలేదు.

4. మా ఆయనకు. మీరు వారసులు, విడిగా ఏదీ రాయకూడదు. ఒక మాట మాత్రం రాస్తున్నాను. మొదటి ఏడు తెల్లంచును చూశానని ఫోన్‌లో చెబితే, "మంచులో ఈగ కూడా ఎగరదు, కలగన్నావేమో" అని నవ్వారు. రుజువు చూపాలని ఒకదాన్ని ఊరగాయ సీసాలో పెట్టి మూత బిగించాను. మీరు డ్యూటీ చేసే దుక్మ్ నుంచి మూడో రోజున వచ్చేసరికి చచ్చిపోయింది. మీరు చూసి, "దీనికా ఇంత రాద్ధాంతం?" అని చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. అది ఆడదనీ, కడుపులో గుడ్లున్నాయనీ తర్వాత నాదియా చెప్పింది. మొదటి నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాను: కొండకు ఒక ఆడ తెల్లంచు బాకీ. నింద మీ మీద వేయడం లేదు. మూత నేనే బిగించాను. ఒక్క శుక్రవారం మజహర్‌తో ఆ లోయకు వెళ్లండి. ఇది ఆస్తి కాదు, ఎవరూ అడ్డు చెప్పరు.

5. బాల్కనీలో నూనెడబ్బాలో ఉన్న తీగ, దానికి వేలాడుతున్న గూడు ఎదురింటి గౌహర్‌కు. తెల్లంచు పురుగు ఆ తీగ ఆకు తప్ప వేరే తినదు. ఈ ఏడు డబ్బాను నాదియా పెరట్లో ఉంచితే ఒక తెల్లంచు తానై వచ్చి గుడ్డు పెట్టి పోయింది. పురుగయ్యాక ఇంటికి తెచ్చాను. గూడు కట్టి పదకొండు రోజులు. నేను వెళ్లేలోపు తెరుచుకుంటుందో లేదో తెలియదు. గౌహర్, రెండేళ్ల కిందట నువ్వు వరండా అంతా బొద్దింకల మందు కొట్టి నా మొదటి పురుగును చంపావు. "పురుగుకు కూడా దుఃఖమా ఆపా?" అని మూడంతస్తులకూ వినపడేలా అడిగావు. మరిచిపోలేదు. అయినా నీకే అప్పగిస్తున్నాను, ఈ తలుపు తాళంచెవి ఇచ్చేంత దగ్గరివాళ్లు నాకు ఇంకెవరూ లేరు. షరతులు: రోజూ పొద్దున అరగ్లాసు నీళ్లు. మందు డబ్బా మీ ఇంట్లోనే ఉండాలి. రెక్కలొస్తే మజహర్‌తో లోయకు పంపాలి. సీసాలో పెట్టకూడదు.

ఇందుకు నా సంతకం: రషీదున్నీసా

సాక్షులు: జితేందర్, కింద మందుల షాపు, ఆశ, ఆయన భార్య. వీళ్లకు ఇందులో ఏమీ రాయలేదు, సాక్షులకు ఇవ్వకూడదట.

చేర్పు, 12-09-2025, శుక్రవారం. ఐదో అంశంలో గూడు మాట కొట్టివేశాను. తీగ మాత్రం గౌహర్‌దే, షరతులు అవే. పొద్దున నమాజు తర్వాత చూస్తే గూడు చీలి ఉంది, పక్కన తెల్లంచు రెక్కలు ఆరబెట్టుకుంటోంది. మా ఆయనకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. డ్యూటీలో ఉండి ఉంటారు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని టాక్సీలో లోయకు వెళ్లాను. మజహర్ కారు దగ్గరే ఆగాడు. తెల్లంచు చాలాసేపు తీగ మీద నుంచి కదల్లేదు. తర్వాత నా చెయ్యి ఎక్కి, అక్కడి నుంచి మంచులోకి పోయింది. ఆడదే, కొలిచాను, ఆడవాటికే అంచు వెడల్పు. దీనికి సాక్షులు లేరు.

ఒకటి తీసుకున్నాను, ఒకటి ఇచ్చాను. మొదటి నోటుబుక్కు వెనక అట్ట మీది బాకీ చెల్లు.

రషీదున్నీసా