ఆరడుగుల దూరం

కొవ్వూరు,
ఆదివారం.

శ్యాంబాబు అన్నయ్యకి,

లెన్సు చేరి నెలయింది. ఫోన్లో చెబితే నవ్వేసి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. నేనడిగింది ఎనభై ఐదు ఎం.ఎం. లెన్సు. నువ్వు పంపింది నూట ముప్ఫై ఐదు. పైగా "ఇది ఇంకా దూరం లాగుతుంది, మంచిదే కదా" అని చీటీ ఒకటి! దూరం లాగమని నిన్నెవరడిగారు?

మన చర్చి వందేళ్ల పుస్తకంలో అమ్మ ఫొటో వేస్తారట. నడుం పైనుంచి, చేతిలో బైబిలుతో కావాలన్నారు. నాన్న కెమెరాకున్న మామూలు లెన్సుతో తీయాలంటే మొహం మీదకి వెళ్లాలి. ముక్కు బూరెలా వస్తోంది. నీ లెన్సుతో తీయాలంటే తొమ్మిదడుగులు వెనక్కి, అరుగు దిగి వీధిలో నిలబడాలి. ఎనభై ఐదైతే ఆరడుగుల్లో, అరుగు మీదే సరిపోయేది.

అమ్మకి, అదే మీ పిన్నికి, ఆరడుగులు దాటితే మనిషి ఆనడం లేదని నీకు రెండుసార్లు చెప్పాను. విన్నావా?

అయినా తెల్లచీర కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, వీధిలోంచి కెమెరా ఎత్తాను. "ఎవరండీ? లోపలికి రండి" అంది. నన్ను!

"నేనేనమ్మా" అంటే "నువ్వా" అంది గానీ, కళ్లు గొంతు వచ్చిన వైపు వెతుకుతూనే ఉన్నాయి. రీలు కడిగించి చూస్తే ముప్ఫై ఆరింటిలోనూ ఒకటే మొహం. కొత్తవాళ్లొచ్చారని సర్దుకుని కూర్చున్న మొహం.

ఈసారి నీ తెలివి వాడకుండా ఎనభై ఐదే పంపు. అదీ తొందరగా. కిందటేడు అమ్మకి పదడుగుల దాకా ఆనేది. అప్పుడైతే నీ లెన్సే సరిపోయేది.

నీ చెల్లెలు