పులుపు లేని సీసా

ప్రొద్దుటూరు,
శుక్రవారం.

బుష్రా నాయనకు మసరత్ సలాం చేసి రాసుకునేది.

ఇక్కడ నేనూ బుష్రా బాగున్నాము. అక్కడ మీరు సుఖంగా ఉండాలని అల్లాను వేడుకుంటున్నాను. 'అందరమూ క్షేమం' అని రాసే అలవాటు కొద్దీ చెయ్యి అటే పోయింది గాని ఆపుకున్నాను. అత్త ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఈ రోజుకు పన్నెండో దినం. ఊపిరి మిషనే తీస్తోంది.

ఈ జాబు ఖలందర్ మామ చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన సెలవు అయిపోయింది, ఎల్లుండి మళ్ళీ కువైట్‌కే వస్తున్నాడు. రోజూ ఫోన్లో మాట్లాడుతూ మళ్ళీ ఈ జాబేమిటి అనుకుంటారు. ఫోన్లో మీ గొంతు వినగానే నా నోరు పడిపోతోంది. కాగితమైతే మధ్యలో "ఏంది మసరతూ?" అని గద్దించదు కదా.

మీరు ఫోన్లో అడిగిన వాటికి ముందు జవాబు చెప్తాను. బుష్రా ఇడుపులపాయ కాలేజీ నుంచి ఆదివారం వచ్చి, వాళ్ళ జేజిని అద్దంలోంచి చూసి ఏడ్చి ఏడ్చి మళ్ళీ పోయింది. పరీక్షలు దగ్గరపడ్డాయని నేనే బలవంతంగా బస్సెక్కించాను. మీరు రావాలా వద్దా అని అడిగారు. ఆ మాట ఈ జాబు మొత్తం చదివాక మీరే తేల్చుకోండి. అమ్మకు నెమ్మే కదా, ఇన్నాళ్ళు మిషన్ ఎందుకని కూడా అడిగారు. ఆమెకు వచ్చింది నెమ్ము కాదు. మీతో నెమ్మని అబద్ధం చెప్పింది నేనే.

మీకు పంపిన సీసాల సంగతి కూడా అడిగారు. "సల్సాలో బల్లి పడింది, పారెయ్యండి అని ఫోన్ చేశావు. మూత గట్టిగా బిగించిన సీసాలో బల్లి ఎట్లా పడుతుందే?" అన్నారు. నిజమే, ఎట్లా పడుతుంది! భయంలో నోటికొచ్చింది చెప్పాను. మీరు నన్ను మరీ పిచ్చిదాన్ననుకోకముందే మొదటి నుంచి చెప్తాను.

మీరు పనిచేసే ఇంటి ఆవిడ చేసే సల్సా అనే టమాటా పచ్చడి బాగుందని, ఎట్లా చెయ్యాలో మీరే ఫోన్లో చెప్పారు. మన పెరట్లో టమాటాలు విరగకాశాయి. వాటిని, పచ్చిమిరపకాయల్ని, ఎర్రగడ్డల్ని, తెల్లగడ్డల్ని నిప్పుల మీద కాల్చి, కచ్చాపచ్చాగా దంచి, కొత్తిమీర వేసి, నిమ్మకాయలు బాగా పిండాను. సీసాలు నీళ్ళలో మరిగించి, వేడి మీదే నింపి, మూతలు బిగించి మళ్ళీ మరిగించాను. మీకు పంపినవి ఆ నిమ్మకాయ పిండిన సీసాలే. వాటిని మేమూ తిన్నాం, మాకేమీ కాలేదు.

అప్పుడు అత్త పథ్యంలో ఉంది. పులివెందుల దగ్గర దిల్షాద్‌బీ మోకాళ్ళ నొప్పులకు ఆకుమందు ఇస్తుందని మీకు తెలుసు కదా. నలభై దినాలు పులుపు తాకకూడదు, ఉప్పు తగ్గించాలంది. మేము లొట్టలేసుకుని తింటుంటే అత్త చూస్తూ కూర్చుంది. "మీరంతా ఎర్రగా తింటాండారు, నేను మాత్రం చప్పిడి సంగటి మింగాల్నా?" అంది. పాపం అనిపించింది. ఆమె కోసం వేరే చేశాను. టమాటా లేదు, నిమ్మకాయ లేదు, ఉప్పు కూడా రవ్వంతే. కాల్చిన ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, మిరపకాయలు నూనెలో మగ్గించి రెండు సీసాలకు పెట్టాను.

నేను మూతలు బిగిస్తుంటే అత్త ఊరుకోలేదు. "ఊరగాయంటే ఉప్పుండల్ల, పులుపుండల్ల. ఏమీ లేకుండా మూత బిగిస్తే నిలుస్తాదా? శానా తెలివైనదానివే నువ్వు!" అంది. నాకు రోషం వచ్చింది. "మరగబెట్టి పెడితే సంవత్సరమైనా నిలుస్తాది అత్తా. కువైట్‌లో అందరూ ఇట్లే చేస్తాండారు" అన్నాను. కువైట్‌ను ఎప్పుడు చూశానని!

మొదటి సీసా ఆ వారంలోనే అయిపోయింది, ఏమీ కాలేదు. రెండోది మూడు వారాలు అలమరలో ఉంది. ఆ సీసాలోది సంగటి ముద్దకు నంజుకుని తిన్న మరుసటి రోజు అత్త, "మసరతూ, నువ్వు ఇద్దరుగా కనపడతాండావే" అంది. ఎగతాళికి అంటోందేమో అని నవ్వాను. సాయంత్రానికి రెప్పలు వాలిపోయాయి, నాలుక మందమైంది. నీళ్ళు తాగిస్తే ముక్కులోంచి బయటికొచ్చాయి. మీ తమ్ముడు ఇర్ఫాన్ కారు మాట్లాడి మన జమ్మలమడుగు నుంచి ఇక్కడి ఆసుపత్రికి తెచ్చాడు.

డాక్టరమ్మ ఏమడిగిందో తెలుసా? "సీసాలోదో డబ్బాలోదో నిలవ ఉన్నది ఏమైనా తినిందా?" అని సూటిగా అడిగింది. పక్కనే ఇర్ఫాన్ ఉన్నాడు. "లేదమ్మా, సంగటీ పప్పే" అన్నాను. ఆ అబద్ధం రెండు దినాలు మోశాను. మూడో దినం ఊపిరి ఆగిపోయే గతి వచ్చి మిషన్ పెట్టినాక, డాక్టరమ్మ గదిలోకి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆమె తల పట్టుకుంది. "పులుపు లేని దాన్ని గాలి తగలకుండా మూసిపెడితే లోపల విషం పుడుతుంది తల్లీ. దీనికి మందు ఉంది, కానీ ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. రెండు దినాలు పోగొట్టినావే" అంది. మందు ఎక్కడి నుంచో తెప్పించి ఎక్కించారు. ఇంతకుముందే పట్టు తప్పిన నరాలు తేరుకోవడానికి నెలలు పట్టొచ్చట, తేరుకుంటాయో లేదో కూడా చెప్పలేమన్నారు. "మీ వాళ్ళకు నువ్వే చెప్పుకో" అని నాకు వదిలేసింది.

నేను చెప్పలేదు. ఇర్ఫానేమో అంతా ఆ ఆకుమందు వల్లే అనుకున్నాడు. ఇద్దరిని వెంటబెట్టుకుని పోయి దిల్షాద్‌బీ కుండలూ బుడ్లూ పగలగొట్టి వచ్చాడు. ఆ ముసలామె ఖురాను మీద ఒట్టేసి ఏడ్చిందట. ఇప్పుడు ఇంటికి తాళం వేసుకుని ఎక్కడో కూతురి దగ్గర దాక్కుందట. "అమ్మకేమన్నా అయితే ఆ ముసిల్దాన్ని బతకనియ్యను వదినా" అని ఇర్ఫాన్ నా ముందే అంటున్నాడు. వాడు అన్నంత పనీ చేసేవాడే, మీకు తెలియనిది కాదు.

ఇంతవరకు రాసింది డాక్టరమ్మకు తెలిసిందే. ఆమెకు కూడా చెప్పనిది ఒకటుంది. అది మీకు చెప్పాలనే ఈ జాబు.

ఆ రోజు రెండో సీసా తీసినప్పుడు మూత ఉబ్బి ఉంది. తిప్పగానే బుస్సుమంది, నురుగు పొంగింది. నేను చూశాను. పారేద్దామనే అనుకున్నాను. అప్పుడు వసారాలోంచి అత్త, "ఏమే, చెడిపోయిందా?" అని అరిచింది. ఆ గొంతులో ఆమె గెలిచిన సంతోషం వినపడింది నాకు. "బాగానే ఉంది" అన్నాను. నురుగు గుడ్డతో తుడిచి, పైది గరిటెతో తీసేసి, కింది నుంచి వడ్డించాను. వాసన కూడా ఏమంత తేడాగా లేదు. అత్త ఇంకో గరిటె వేయించుకుని, "పర్వాలేదే, నిలిచింది" అంది. ఆ ఒక్క మాట కోసం మీ అమ్మకు నేను విషం పెట్టాను. ఇది తెలియక చేసిన తప్పు అని ఎవరన్నా అంటే నమ్మకండి, సగం తెలిసే చేశాను.

కంటి మీద కునుకు లేదు. మిషన్ కుయ్‌మన్నప్పుడల్లా లేచి చూస్తున్నాను. అత్తకు తెలివి ఉంది, అన్నీ వినపడుతున్నాయి, రెప్ప మాత్రం ఎత్తలేకపోతోంది. గొంతులో గొట్టం ఉండేసరికి మాట లేదు. పెదాలు మాత్రం కాస్త కదుపుతుంది, నర్సులు నోరు తడపబోతే బిగించుకుంటోంది. నా చెయ్యి తగిలితేనే కాస్త తెరుస్తుంది. "కోడలిని చూడండి, ఎంత నమ్మకమో" అంటారు వాళ్ళు. నాకు అక్కడే నేలలోకి కుంగిపోవాలని ఉంటుంది.

ఇర్ఫాన్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఈ కాగితం మడిచి ఖలందర్ మామ చేతిలో పెట్టి, నేరుగా వాని దగ్గరికే పోతున్నాను. అత్తకు ఏమన్నా జరగకముందే చెప్పాలి. జరిగితే వాడు దిల్షాద్‌బీ మీదికి పోతాడు, అప్పుడు ఆపినా ఆగడు. వాడు కొడతాడేమో, కొట్టనీ. మీరు తలాక్ అంటారేమో అని కూడా భయంగా ఉంది. మీరేమన్నా నేను ఎదురు చెప్పను. అత్త మంచం దగ్గర్నుంచి మాత్రం ఇప్పుడే పొమ్మనకండి. ఆమె ఇంకెవరి చేతా నోరు తడపనివ్వదు. ఆమె లేచి కూర్చుని, జరిగిందంతా విని, తన నోటితో నన్ను తిట్టి ఇంట్లోంచి పొమ్మంటే, ఆ రోజే పోతాను. ఆ తిట్టు వినే భాగ్యం నాకు ఉంచమనే ఐదు పూటలా నమాజులో దువా చేస్తున్నాను.

ఇట్లు,
మీ అమ్మ కోడలు
మసరత్