స్వాగత ద్వారానికి ఆమెన్

కాలువమిట్ట,
ముత్తుకూరు దగ్గర,
ఆదివారం మధ్యాహ్నం.

రెబెక్కమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు. నేను బాగున్నాను. మేకలు రెండూ బాగున్నాయి. కోళ్ళలో ఒకటి తగ్గింది, పిల్లి పని. తాంబరంలో నువ్వూ, మన ఏంజెలినూ, అల్లుడు ఫ్రెడ్డీ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఈయన కాగితం పట్టుకున్నాడేమిటి అనుకుంటావు. ఫోనులో అయితే ఫ్రెడ్డీ స్పీకరు పెడతాడు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నన్ను పలకరిస్తారు. నలుగురు వింటుంటే నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే నీ ఉత్తరానికి ఉత్తరమే రాస్తున్నాను. నువ్వొక్కదానివే చదువుకో.

అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. రెండు రోజులు మరిచిపోయాను, అంతే. బియ్యం ఉన్నాయి. నీ పట్టుచీర పెట్టెలోనే ఉంది, బొద్దింకలు కొట్టలేదు. కూర ఎదురింటి కరీమున్నీసా పంపుతుంది. "రెబెక్కత్త వచ్చిందాకా నువ్వు పొయ్యి ముట్టుకోబాక మామా, వీధి తగలబడతాది" అంది. ఆదివారాలు గుడికి వెళుతున్నాను. వెనక బెంచీలోనే కూర్చుంటున్నాను.

డాక్టరు నిన్ను ఇంటికి వెళ్ళొచ్చన్నాడని రాశావు. వాకరు పట్టుకుని హాలు చుట్టూ తిరుగుతున్నావని రాశావు. చాలా సంతోషించాను. అయితే అదే ఉత్తరంలో మూడు చోట్ల అడిగావు, ఉప్పుకాలువ మీద వంతెన పాసయిందా, నేను వాకరుతో మన వీధిలోకి ఎట్లా వచ్చేది అని.

చెబుతాను. మెల్లగా చెబుతాను.

నువ్వు కాలువకి అడ్డంగా వేసిన తాటిమొద్దు మీద నుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాక, గ్రామాభివృద్ధి కమిటీలో మన వీధి కుర్చీ ఖాళీ అయింది. వారం తిరక్కుండా పెద్దాయన సమాధానం మన ఇంటికి వచ్చాడు. గుడిలో పెద్ద, కమిటీకి కూడా పెద్ద, ఊళ్ళో ఎక్కడ పెద్దరికం ఉంటే అక్కడ ఆయనే. "నీ భార్య కుర్చీ నీది కాక ఇంకెవురిది యెహోషువా" అన్నాడు. ప్రేమ అనుకున్నాను. నువ్వు ఆ కుర్చీలో ఉంటే వాళ్ళకి టీ కూడా గొంతు దిగేది కాదు. వాళ్ళకి మన వీధి నుంచి ఒక తల కావాలి. ఆ తలకి నోరు ఉండకూడదు. అటువంటిది ఊళ్ళో నాదొక్కటే.

పోర్టు కంపెనీవాళ్ళు ఈ ఏడు మన ఊరికి ఒక పని చేసిపెడతామన్నారు. ఒక్కటే పని. వాళ్ళ తరఫున క్రాంతి కుమార్ అనే ఆఫీసరు వచ్చాడు. "ఏది కావాలో మీరే తేల్చుకోండి. తొమ్మిది మంది సభ్యులూ సంతకం పెట్టాలి. ఒక్కరు కాదన్నా డబ్బు కదలదు. తగాదాలున్న ఊళ్ళో మేం వేలు పెట్టం" అన్నాడు.

కాగితం మీదికి రెండు పనులు వచ్చాయి. ఒకటి కాలువ మీద వంతెన, నువ్వు పోయినేడు పెట్టిన అర్జీ. రెండోది పెద్దరోడ్డు దగ్గర ఊరికి స్వాగత ద్వారం. అది కమిటీ కార్యదర్శి పెంచలప్రసాద్ పెట్టాడు. మండలంలో సిమెంటు పనుల కాంట్రాక్టులన్నీ ఆయనవే. ద్వారం ఎవరు కడతారో నేను వేరే రాయక్కరలేదు.

వంతెన గురించి మాట్లాడిందంతా టీ చల్లారేలోపల అయిపోయింది.

"ముప్పై కొంపలకి వంతెనా?" అన్నాడు పెంచలప్రసాద్. "కట్టినా ఎవురికి కనపడతాది? అదే ద్వారం అనుకో, పోర్టుకి పొయ్యే ప్రతి లారీవాడికీ కనపడతాది."

పంక్చర్ల అంగడి సైదావలి కూడా సభ్యుడే గదా. ఊరుకోలేదు. "లారీవాడు చూసి ఏం చేస్తాడన్నా? దిగొచ్చి మనూళ్ళో కాపురం పెడతాడా?"

"నీకు అభివృద్ధి అంటే తెలీదు సైదావలీ. ఊరికి ఒక ముఖం ఉండబళ్లా?"

"ముఖానికేం, బాగానే ఉండాది. తుంటే విరిగింది. రెబెక్కమ్మత్తని అడుగు."

అందరూ నవ్వారు. సైదావలి మనకోసమే అన్నాడు, వాళ్ళు మాత్రం నీ తుంటి మీద నవ్వారు. నేనూ పళ్ళు బయటపెట్టి కూర్చున్నాను.

ఇక ద్వారం మీద ఏం బొమ్మ పెట్టాలి అన్నదానికి గంటన్నర పట్టింది. సిలువ అన్నారు, కలశం అన్నారు, నెలవంక అన్నారు. ఎవరి గుర్తూ వద్దు, ఓడ పెడదాం అన్నారు. తీరిపోయింది అనుకుంటే, ఓడ ముక్కు ఎటువైపు అని మళ్ళీ పడ్డారు. సముద్రం వైపు ఉంటే ఊరి సంపద బయటికి పోతుందట. ఊరి వైపు ఉంటే ఊరిని గుద్దినట్టు ఉంటుందట. ఇద్దరు లేచి చొక్కా చేతులు మడిచారు. మనవళ్ళున్నవాళ్ళు రెబెక్కా, సిమెంటు ఓడ ముక్కు కోసం. నువ్వు పడిన రోజు తలుపురెక్క మీద పడుకోబెట్టి నిన్ను కాలువ దాటించేటప్పుడు వాళ్ళలో ఒక్కడు చెయ్యి వేయలేదు. చివరికి ఓడని పక్కకి తిప్పి పెట్టాలని తేల్చారు. ఏ వైపుకీ పోని ఓడ. వాళ్ళకి సరిగ్గా సరిపోయింది.

ఒక పద్ధతి మారింది, నీకు తెలియదు. నువ్వున్నప్పుడు ప్రార్థన మొదట్లో చేసేవాళ్ళు. ఇప్పుడు చివర్లో చేస్తున్నారు. చేతులెత్తడం మానేశారు. చేతులెత్తితే మనస్పర్థలు వస్తాయని సమాధానం అన్నాడు. అందుకని కళ్ళు మూసుకుని, తీర్మానాన్ని ప్రార్థనలోనే కలిపి చెబుతాడు. "తండ్రీ, మా ఊరికి నీవు దయచేయబోవు స్వాగత ద్వారమును, దాని మీద పక్కకు తిరిగిన ఓడను ఆశీర్వదించుము" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. పెంచలప్రసాద్ వెంటనే పుస్తకంలో ఏకగ్రీవం అని రాసి సంతకాలకి తిప్పాడు. దేవుడి ముందు ఆమెన్ అన్నవాడు పుస్తకంలో సంతకం పెట్టనని ఎట్లా అంటాడు? పెంచలప్రసాద్‌కి మన దేవుడితో పని లేదు, ఆయన మొక్కులన్నీ పెంచలకోన స్వామికే. ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా అంటాడు. సైదావలి మర్యాదకి ఆమీన్ అనేసి, సంతకం పెట్టి, బయటికొచ్చి తల కొట్టుకున్నాడు. "దువాలో కంకర కలిపినారు గదయ్యా!" అన్నాడు.

అట్లా ద్వారం పాసయింది. వంతెన పోయింది.

ఇక్కడిదాకా రాసి లేచి మేకలకి నీళ్ళు పెట్టి వచ్చాను. ఉత్తరం ఇక్కడితో ముగించొచ్చు. ముగించాలనే ఉంది.

ఇంతసేపూ వాళ్ళని తిట్టాను. వాళ్ళ పక్క కుర్చీలో నేనున్నాను. నేనూ ఆమెన్ అన్నాను. యాభై ఏళ్ళుగా గుడిలో అన్న నోరు, అలవాటుకొద్దీ వచ్చేసింది అని నీకు రాద్దామనుకున్నాను. అది అబద్ధం. ప్రార్థనకి ముందు పెంచలప్రసాద్ నా పక్కకి వచ్చి ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. ద్వారం స్తంభానికి నల్లరాయి, దాని మీద కమిటీ వాళ్ళ పేర్లు. ఐదో పేరు శ్రీ యెహోషువ గారు. "బంగారు రంగు ఏపిస్తా మామా. నువ్వు పోయినా నీ పేరు పోదు" అన్నాడు. ఈ డెబ్బై ఒక్క ఏళ్ళలో నా పేరుకి గారు తగిలించినవాడు లేడు. వంతెన అనే మాట అప్పటికి నా నాలుక మీదే ఉంది. మింగేశాను. తెలిసే మింగాను. నీ తుంటి గుర్తుండే ఆమెన్ అన్నాను.

ఇంకా ఉంది. రాయి చెక్కించి తెచ్చాక పెంచలప్రసాద్ షెడ్డుకి వెళ్ళి చూసి వచ్చాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎవరూ లేరని చూసుకుని అక్షరాల మీద వేలు పెట్టాను. వాళ్ళు సిమెంటు ఓడ కోసం కొట్టుకున్నారని రాశాను గదా. నేను రాతి మీద నాలుగు అక్షరాలకి పడిపోయాను. వాళ్ళకంటే చవకగా పోయాను.

మూడోసారి చూసి వస్తుంటే కాలువ దగ్గర కరీమున్నీసా, ఆమె కూతురు ఫరీన్ గ్యాసు బండకి తాడు కట్టి మొద్దు మీద లాగుతున్నారు. బండ ఒక పక్కకి ఒరిగితే ఫరీన్ నీళ్ళలోకి దిగి భుజం ఆనించింది. నేను అందుకోబోయాను.

"యాడ నుంచి వస్తుండావు మామా? ద్వారం కాడ నుంచేనా?" అంది కరీమున్నీసా. "బాగా కట్టించండి. రేపు నేను సచ్చినా ఈ మొద్దు మీదనే మోసుకపోవాల. జారి నీళ్ళలో పడితే నన్ను ఎత్తేదానికి మీ ద్వారం రాదులే."

ఆ పూట కూడా కూర పంపింది. తినలేకపోయాను. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది.

నిన్న శనివారం మళ్ళీ కమిటీ కూర్చుంది, క్రాంతి కుమార్ కూడా వచ్చాడు. స్తంభాలు రెండూ లేచాయి. పైభాగానికి మిగతా డబ్బు విడుదల చేయాలి, దానికీ తొమ్మిది సంతకాలు కావాలి, అదీ పని. సమాధానం కళ్ళు మూసుకున్నాడు. స్తంభాలని ఆశీర్వదించాడు, ఓడని ఆశీర్వదించాడు, మిగతా డబ్బుని కూడా ఆశీర్వదించాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. అంత పెద్ద హాల్లో ఒక ముసలివాడి గొంతు తగ్గితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. తెలిసింది. సమాధానం ఒక కన్ను తెరిచాడు.

"ఆమెన్" అన్నాడు మళ్ళీ, నావైపు చూసి. నేను నేలవైపు చూశాను.

"యెహోషువా, ఇనపడలా?"

"ఇనపడింది."

"మరి అనవేం?"

"అనను."

పుస్తకం నా ముందుకి తోశారు. పెన్ను పట్టుకోలేదు. "మూగోడని కూర్చోబెడితే దేవుడికే అడ్డం తగులుతుండాడు!" అని లేచాడు పెంచలప్రసాద్. సైదావలి పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. "నేను కూడా సంతకం పెట్టను. నా ఆమీన్ నాకు ఇచ్చేయండి" అన్నాడు.

క్రాంతి కుమార్ నన్ను అడిగాడు, "ఎందుకు కాదంటున్నారో చెప్పండి పెద్దాయనా." లేచి నిలబడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిచాను, గాలి వచ్చింది. కూర్చున్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు.

బయట క్రాంతి కుమార్ నన్ను పక్కకి పిలిచాడు. మిగతా డబ్బుతో మనుషులు నడిచే వంతెన, రెండు పక్కలా చేతికడ్డీలతో సహా వస్తుందన్నాడు. అయితే కమిటీలో సభ్యుడు ఎవరైనా లేచి ఎందుకు కావాలో చెప్పాలి, అది పుస్తకంలోకి ఎక్కాలి అన్నాడు. వచ్చే నెల రెండో శనివారం మళ్ళీ కూర్చుంటారు. సైదావలి నా వెనక నిలబడతానన్నాడు. ముందు నిలబడాల్సింది మాత్రం నేనే, వంతెన మన వీధిది కాబట్టి. నిన్నటికి నిన్నే ఊళ్ళో సగం మంది నాతో మాటలు మానేశారు. వాళ్ళ మాటలకి నేనేమీ బెంగపెట్టుకోలేదు.

నాకు చెప్పడం రాదు రెబెక్కా. నలభై ఆరేళ్ళు నువ్వు మాట్లాడావు, నేను నీ వెనక నిలబడ్డాను. నీకు కోపం వచ్చి ఉంటుంది. రానీ. ఆ కోపంతోనే ఒక కాగితం రాసి పంపు. ఆ హాల్లో నువ్వు లేచి నిలబడితే ఏమంటావో అదే రాయి. పెద్ద అక్షరాలతో రాయి, నా కళ్ళజోడు పాతది. నన్ను తిట్టాల్సింది కూడా అందులోనే రాయి. అది కూడా అందరి ముందే చదువుతాను.

ఇట్లు,
నీ కాగితం కోసం కనిపెట్టుకుని ఉన్న నీ పెనిమిటి,
యెహోషువ.