షర్బతు సీసాలో కూలెంటు

ఏమండీ,

పాపతో మా అక్క ఇంటికి వెళ్తున్నాను, చీకటి పడేలోగా వస్తాం. భోజనం మూతపెట్టి ఉంచాను.

కారు ఇంజనులోంచి దించిన ఆకుపచ్చటి పాత కూలెంటును మీరు షర్బతు సీసాలో పోసి వంటింటి గట్టు మీద మరిచిపోయారు. పొద్దున అత్తయ్యగారు దాన్ని గ్లాసులోకి వంపుకుని, "నా కొడుకు నాకోసం షర్బతు తెచ్చాడే!" అని మురిసిపోతుంటే గభాలున లాగేసుకున్నాను. ఒక్క చుక్క కూడా తాగలేదు, కంగారు పడకండి. కాకపోతే, అత్త నోటి దగ్గరది కోడలు లాక్కుందని వీధి వీధంతా తెలిసింది.

దాన్ని గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, "విషం" అని రాసి, షెడ్డు అలమరలో పెట్టి తాళం వేశాను. కాలవలో పారబోయకండి, పక్కనే మన బావి. పాత ఆయిలు తీసుకెళ్ళే బండికి ఇచ్చేయండి. షెడ్డులో ఒలికిన ఆయిలును కూడా నీళ్ళతో కడక్కండి, రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, రేకు డబ్బాలోకి ఎత్తండి. చేతులు కడుక్కున్నాకే అన్నం.

తా.క.: ఫ్రిజ్‌లో ఆకుపచ్చగా ఉన్నది ద్రాక్షరసమే. తాగబోతుంటే ఒక్క క్షణం మీ చెయ్యి ఆగుతుంది. ఆగాలనే ఆ రంగుది తీశాను. అత్తయ్యగారైతే ముందు నా చేత తాగించాకే ముట్టుకున్నారు.