వాగుచేపలూ నీ కూతురూ

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు. ఉత్తరం నిండా నన్ను చీవాట్లు పెట్టే ఓపిక ఉందంటే ఒంట్లో బాగున్నట్టేగా.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. ఊరెళుతూ నువ్వు పిల్లతోపాటు మాకు అప్పజెప్పిన పెద్దచేప బతికే ఉంది, తింటోంది. గాజుతొట్టిలో నీళ్లు వెచ్చగానే ఉంచుతున్నాం. దాని మేతకని తెచ్చిన వాగుచేపలు ఎందుకు చచ్చాయని కదా గద్దించావు? మీ బావ వాటిని చల్లటి వాగులో పట్టి తెచ్చి, బకెట్టు బకెట్టంతా ఆ వెచ్చటి తొట్టిలో గుమ్మరించారు. ఎలాగూ దాని నోట్లోకి పోయేవే, వాటికి రాచమర్యాదలెందుకు అన్నారు. సాయంత్రానికల్లా అన్నీ వెల్లకిలా తేలాయి. తప్పు ఆయనది. నువ్వేమో "పిల్లను తొట్టి దగ్గరికి రానివ్వకు" అని రాశావు. చదివి నా ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్లే, తల్లి లేని నీ కూతురే, అవి ఎందుకు చచ్చాయో చేపల షాపతన్ని అడిగి తెలుసుకొచ్చింది. రెండోసారి తెచ్చినవాటిని వేరే టబ్బులో వేయించింది. బడి లేని రోజంతా పక్కనే కూర్చుని, తొట్టి నీళ్లు గ్లాసుతో కొంచెం కొంచెంగా కలుపుతూ, ఒక చెయ్యి టబ్బులో, ఇంకో చెయ్యి తొట్టిలో పెట్టి వెచ్చదనం సరిచూసుకుంది. ఒక్కటీ చావలేదు. రోగమేదైనా ఉంటే పెద్దచేపకు అంటుకుంటుందట, అందుకని ఇంకా టబ్బులోనే ఉంచి కనిపెట్టుకుని ఉంది. అన్నానికి పిలిస్తే, నాన్న చేప కదత్తా అంటుంది.

నీ ఉత్తరంలో ఆ చేప తిండి గురించి పేజీన్నర. పిల్ల తిందా, బడికెళుతోందా, ఒక్క ముక్క లేదు. నీది గుండేనా, బండరాయా?

ఇక దాచలేను. నీ ఉత్తరం పైకి చదువుతుంటే ఆశగా నా నోటివంకే చూసింది. ఆ మొహం చూడలేక, "నా బంగారుతల్లికి ముద్దులు" అని నువ్వు రాయని మాట చివర్లో చేర్చి చదివాను. ఇప్పుడు అది కూడబలుక్కుని చదవడం నేర్చింది. మర్నాడు ఆ కాగితం తీసుకుని గుమ్మంలో కూర్చుని, వేలు పెట్టి మొదటినుంచీ చివరిదాకా వెతికింది.

"అత్తా, నాన్న నాకు రాసింది ఏ లైన్లో ఉంది?"

కళ్లజోడు కనబడటం లేదన్నాను. ఇల్లంతా వెతికి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. అది మళ్లీ అడగలేదు. కాగితం మడిచి ఇచ్చేసి, టబ్బు దగ్గరికి వెళ్లిపోయింది.

ఈసారి కవరు మీద దాని పేరు రాయి. లోపల చేప మాట ఎత్తావో, ఆ ఉత్తరం పొయ్యిలో పెడతాను.

ఇట్లు,
నీ కూతురి మేనత్త