ఏడు తరాల పేర్లు

బిష్కెక్, ఆసుపత్రి నుంచి

అమ్మా, కంగారు పడకు. తమ్ముడు ఎర్మెక్ కళ్ళు తెరిచాడు, చారు తాగుతున్నాడు. కోక్-బోరు ఆటలో వాడితోపాటే గుర్రం మీంచి పడి, వాడిలాగే తల పగిలిన సమత్ నిన్న నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. ఒకే దెబ్బకు ఇంత తేడా ఏమిటని డాక్టరమ్మను అడిగాను. మెదడు కోలుకోవడం కొంతవరకు పెద్దల నుంచి వచ్చిన జన్యువుల్ని బట్టి కూడా ఉండొచ్చట. "మీ పెద్దల సంగతి చెప్పు" అంది. నువ్వు నేర్పిన ఏడు తరాల పేర్లూ గడగడా అప్పజెప్పాను.

"పేర్లు కాదయ్యా, ముసలితనంలో మనుషుల్ని గుర్తుపట్టేవాళ్ళా?"

అమ్మనడిగి చెప్తానన్నాను. మంచం మీంచి ఎర్మెక్ కూడా ఆ ఏడు పేర్లూ తప్పు లేకుండా చెప్పాడు. కూతురి పేరు అడిగితే మాత్రం నా మొహంలోకి చూశాడు.

ఎండు పెరుగుండలు పంపు, అవి కావాలంటున్నాడు. ఆడగుర్రం ఈనిందా? వాడి జీను ఎవరికీ ఇవ్వకు. వాడి కూతురు బెర్మెత్‌కి వాళ్ళ నాన్న అడిగాడని చెప్పు.

పోయే ముందు ఏడాది మా నాన్న నిన్ను అక్కా అని పిలుస్తుంటే, వేళాకోళంలే అనేదానివి. డాక్టరమ్మకు చెప్పాలి, ఈసారి నిజం రాయి.

నీ చేతులు కళ్ళకద్దుకుంటూ,
పెద్దాడు తెమిర్